తెల్లకాగితం మీద నాన్న వీలునామా, ఇంటి మీద బ్యాంకు అప్పు. ఎక్కడ మొదలుపెట్టాలి?

మధ్యమ్మాయి

అందరికీ నమస్కారం. కొన్ని నెలల కిందట నాన్న పోయారు. అమ్మ, అన్నయ్య, నేను, తమ్ముడు ఉన్నాం. నాన్న పేరున ఒక ఇల్లు ఉంది. స్థలం ఆయన పేరునే కొన్నది, ఇల్లు హోమ్ లోనుతో కట్టింది. లోను ఇంకా తీరలేదు. అసలు దస్తావేజులు బ్యాంకులోనే ఉన్నాయి.

బీరువాలో నాన్న చేతిరాతతో వీలునామా దొరికింది. రూళ్ల కాగితాలు రెండు, రెండింటి కిందా ఆయన సంతకం ఉంది. ఇల్లు తమ్ముడికి రాశారు. అమ్మ బతికున్నంతకాలం అందులోనే ఉండాలన్నారు. బ్యాంకులో ఉన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ నాకు. అన్నయ్య వ్యాపారానికి ఇదివరకే ఇచ్చాను కాబట్టి వేరే ఇవ్వడం లేదు అని కారణం కూడా రాశారు. కింద ఇద్దరు సాక్షుల సంతకాలున్నాయి. ఒకరు నాన్నతో కలిసి పనిచేసిన మాస్టారు. రెండో ఆయన మా పక్కింటాయన, ఆయన ఇప్పుడు లేరు.

రిజిస్టర్ కాలేదు కాబట్టి అది చిత్తుకాగితం అంటున్నాడు అన్నయ్య. డిపాజిట్‌కి నామినీ తనే కాబట్టి ఆ డబ్బు తనదేనట. లోను మాత్రం ముగ్గురూ సమానంగా కట్టాలట. తమ్ముడేమో రిలీజ్ డీడ్ (వాటా వదులుకునే పత్రం) మీద సంతకం పెట్టమని నన్ను అడుగుతున్నాడు. ఇద్దరూ నాకు కావలసినవాళ్లే. బ్యాంకు నుంచి అమ్మ పేరున ఉత్తరాలు వస్తున్నాయి, ఆవిడ ఆ కవరు చూస్తేనే హడలిపోతోంది. తెలిసినవాళ్లు దారి చెప్పండి.

తూర్పుగుమ్మం

అమ్మా, మా వైపు రిజిస్టర్ కాని వీలునామాని ఎవరూ పట్టించుకోరు. కోర్టులో సక్సెషన్ సర్టిఫికెట్ తెచ్చుకుని, ఇల్లు నాలుగు వాటాలు చేసుకోండి. గొడవ ఉండదు.

పాత_దస్తావేజు

తూర్పుగుమ్మం గారూ, ఆ రెండు మాటలూ సరికావు. ఇలాంటి మాట విని వాటా వదులుకున్న వాళ్లని రిజిస్ట్రేషన్ ఆఫీసులో చాలామందిని చూశాను, అందుకే ముందు ఈ సంగతి చెబుతున్నా.

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలో క్రయ దస్తావేజు, దానపత్రం లాంటివి 17వ సెక్షన్ కింద తప్పనిసరిగా రిజిస్టర్ కావాలి. వీలునామా 18వ సెక్షన్‌లో ఉంది, అంటే రాసినవారి ఇష్టం. తెల్లకాగితం మీద రాసినా, స్టాంపు పేపరు లేకపోయినా వీలునామా వీలునామాయే. రిజిస్టరైతే ఆ రోజు ఆయనే వచ్చి సంతకం చేశారనడానికి ఒక ఆధారం అదనంగా ఉంటుంది. అంతే తప్ప, రిజిస్టరైన వీలునామాని కూడా కోర్టులో రుజువు చేసుకోవాల్సిందే.

ఇక సక్సెషన్ సర్టిఫికెట్. అది బ్యాంకు డిపాజిట్లు, షేర్లు, రావలసిన బాకీలు వసూలు చేసుకోవడానికి. ఇంటికీ పొలానికీ అది వర్తించదు. తహసీల్దారు ఆఫీసు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం కూడా ఎవరెవరున్నారో చెబుతుందే గానీ, ఎవరికి ఎంత వాటానో చెప్పదు. మున్సిపాలిటీలో పన్ను పేరు మారినా అంతే, మ్యుటేషన్ వల్ల హక్కు పుట్టదు.

మధ్యమ్మాయి గారూ, ఎవరు ఎంత తొందరపెట్టినా ఆ రిలీజ్ డీడ్ మీద ఇప్పుడు సంతకం పెట్టకండి. వీలునామా నిలబడితే మీ తమ్ముడికి మీ రిలీజ్‌తో పనే లేదు. నిలబడకపోతే మీకున్న వాటా ఆ ఒక్క సంతకంతో పోతుంది. ఇలాంటి డీడ్లలో చాలాసార్లు ‘సమస్త స్థిర చరాస్తులపై నాకు గల సర్వహక్కులు’ అని గంపగుత్తగా రాసేస్తారు. అప్పుడు డిపాజిట్ మీద కూడా పేచీ వస్తుంది. ఒకసారి రిజిస్టరయ్యాక వెనక్కి తీసుకోవాలంటే కోర్టే గతి.

కోర్టుమెట్లు

నేను సివిల్ కోర్టులో ప్రాక్టీసు చేస్తున్నాను. కాగితాలు చూడకుండా తీర్పులా చెప్పలేను గానీ, చట్టం ఏమంటుందో చెప్తాను.

1925 నాటి భారత వారసత్వ చట్టం, 63వ సెక్షన్. రాసినవారు సంతకం లేదా వేలిముద్ర వెయ్యాలి. కనీసం ఇద్దరు సాక్షులు ఉండాలి. ఆయన సంతకం చేయడం సాక్షులు చూసి ఉండాలి, లేదా ‘ఇది నా సంతకమే’ అని ఆయన వాళ్లతో చెప్పి ఉండాలి. ఆ సాక్షులు ఆయన ఎదుట సంతకం చేయాలి. ఇద్దరు సాక్షులూ ఒకే సమయంలో అక్కడ ఉండాలని లేదు.

కోర్టులో వీలునామా రుజువు చేయాలంటే, బతికి ఉన్న సాక్షుల్లో కనీసం ఒకరు బోనెక్కి చెప్పాలి. పాత సాక్ష్య చట్టంలో ఇది 68వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ సాక్ష్య అధినియంలోనూ ఇదే నియమం ఉంది. కాబట్టి మీ కేసంతా ఆ మాస్టారి మీద ఉంది. ఆయన వయసెంత, ఆరోగ్యం ఎలా ఉంది, ఆ రోజు ఏం జరిగిందో గుర్తుందా అన్నది ముందు కనుక్కోండి. తన సంతకంతో పాటు మీ నాన్నగారూ, రెండో సాక్షీ సంతకం చేయడం కూడా ఆయన చూసి ఉంటే మీకు చాలా బలం.

ఒక కొడుక్కి ఏమీ ఇవ్వకపోవడం వల్ల వీలునామా చెల్లకుండా పోదు. ఎందుకు ఇవ్వలేదో కారణం రాయడం మంచి విషయం. కోర్టులు చూసేది అనుమానాస్పద పరిస్థితులు: సంతకం వణికిందా, లాభపడేవాడే దగ్గరుండి రాయించాడా, అప్పటికి ఆయన స్పృహలో ఉన్నారా. 1958లో వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రాలే ఈనాటికీ వాడుతున్నాం. ఆ అనుమానాలు తీర్చే బాధ్యత వీలునామా చెల్లుతుందనేవాళ్లదే.

నాకు రెండు విషయాలు తెలియాలి. స్థలం కొన్న డబ్బు ఎక్కడిది? కాగితం మీద కొట్టివేతలేమైనా ఉన్నాయా?

రుణవిభాగం

బ్యాంకులో గృహరుణాలే చాలా ఏళ్లు చూశాను. వీలునామా సంగతి కోర్టుమెట్లు గారు చూసుకుంటారు. అది తేలేదాకా లోను మాత్రం ఆగదు, వడ్డీ నడుస్తూనే ఉంటుంది.

ముందు శాంక్షన్ లెటరు (లోను మంజూరు ఉత్తరం) తీసి చూడండి. అమ్మగారు కో-అప్లికెంటా (నాన్నగారితో కలిసి లోను తీసుకున్నవారా), గ్యారంటీదారా, లేక ఆ ఇంట్లో ఉంటున్నారు కాబట్టి ఉత్తరం ఆవిడ పేరున వస్తోందా? కో-అప్లికెంటైనా గ్యారంటీదారైనా మొత్తం బాకీకి ఆవిడ సొంతంగా బాధ్యురాలు. మీ ముగ్గురు పిల్లల సంగతి వేరు. తండ్రి అప్పుకి వారసుల బాధ్యత ఆయన ఆస్తిలో వాళ్ల చేతికి వచ్చినంతవరకే. మీ జీతాన్నీ మీ సొంత ఇంటినీ బ్యాంకు ముట్టుకోలేదు.

రెండోది, ఇన్సూరెన్స్. దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి. లోను ఇచ్చేటప్పుడు చాలామందికి లోను బాకీకి సరిపడే జీవితబీమా అంటగడతారు, ప్రీమియం లోనులోనే కలిపేస్తారు. ఇంట్లోవాళ్లకి ఆ సంగతే తెలియదు. లోను ఖాతా స్టేట్‌మెంట్ మొదటి రోజు నుంచి తెప్పించుకోండి. డబ్బు విడుదలైన తేదీ చుట్టుపక్కల ఇన్సూరెన్స్ ప్రీమియం అనే పద్దు ఉందేమో వేలు పెట్టి వెతకండి. ఉంటే డెత్ సర్టిఫికెట్ జతచేసి క్లెయిమ్ పెట్టండి.

మూడోది, వచ్చిన ఉత్తరాల పైన ఏం రాసుందో చూడండి. మామూలు రిమైండరా, లేక సర్ఫేసీ చట్టం (బాకీ కట్టకపోతే తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకునే చట్టం) 13(2) సెక్షన్ నోటీసా? వాయిదా 90 రోజులు దాటి కట్టకపోతే ఖాతా మొండిబాకీ కింద పడుతుంది. ఆ తర్వాత 13(2) నోటీసు ఇస్తే 60 రోజుల గడువుంటుంది. ఈలోపు రాతపూర్వకంగా అభ్యంతరం ఇస్తే బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. గడువు దాటాక 13(4) కింద ఇల్లు స్వాధీనం చేసుకునే చర్య మొదలుపెడితే, 45 రోజుల్లో డెట్ రికవరీ ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు. అంతదాకా రానివ్వకండి. వేలం ప్రకటన వెలువడితే బాకీ కట్టి ఇల్లు విడిపించుకునే అవకాశం చాలావరకు మూసుకుపోతుంది.

మధ్యమ్మాయి

అందరికీ ధన్యవాదాలు. అడిగినవి చూశాను.

అమ్మ కో-అప్లికెంటే. ఉత్తరాలు మామూలు రిమైండర్లు, 13(2) అని ఎక్కడా లేదు. స్టేట్‌మెంట్‌లో లోను విడుదలైన రోజునే ఇన్సూరెన్స్ ప్రీమియం అని ఒక పద్దు కనిపించింది! అమ్మకి దాని గురించి అసలు తెలియదు.

స్థలం నాన్న పేరున క్రయ దస్తావేజుతోనే ఉంది. కానీ అన్నయ్య కొత్త మాట అంటున్నాడు. తాతయ్య పోయాక నాన్న వాటాకి వచ్చిన పొలం అమ్మి ఆ స్థలం కొన్నారు కాబట్టి అది పిత్రార్జితం, నాన్నకి వీలునామా రాసే హక్కే లేదు అంటున్నాడు. పొలం అమ్మిన మాట నిజమే.

కొట్టివేత ఒకటుంది. నా డిపాజిట్ గురించి రాసిన చోట మొదట ‘మొత్తం’ అని ఉంది. దాన్ని ఒక గీతతో కొట్టేసి పైన ‘సగం’ అని రాసి ఉంది. కింద మాట స్పష్టంగా కనిపిస్తోంది. సిరా రంగు వేరు. పక్కన సంతకం లేదు.

కోర్టుమెట్లు

పొలం సంగతి ముందు. తాత నుంచి వచ్చిందంతా పిత్రార్జితం అనే భ్రమ మన ఇళ్లలో బాగా పాతుకుపోయింది. మీ తాతగారు 1956 హిందూ వారసత్వ చట్టం వచ్చాక పోయి, ఆ పొలం ఆయన స్వార్జితమై, వీలునామా లేకుండా పోయి ఉంటే, 8వ సెక్షన్ ప్రకారం మీ నాన్నగారికి వచ్చిన వాటా ఆయన సొంత ఆస్తి. ఆయన కొడుకులకి అందులో పుట్టుకతో హక్కు రాదు. 1986లో చందర్ సేన్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది, ఆ తర్వాత చాలాసార్లు అదే నిలబెట్టింది. సొంత ఆస్తి అమ్మి కొన్న స్థలం కూడా సొంతమే. ఆయన ఇష్టం వచ్చినవారికి రాసుకోవచ్చు.

అలా కాకుండా, అది తాతగారికి వాళ్ల నాన్న నుంచి తరాలుగా వచ్చిన ఉమ్మడి ఆస్తి అయ్యి, మీ నాన్నగారికి పంపకాల్లో వచ్చి ఉంటే కథ మారుతుంది. అప్పుడు కూడా మీ అన్నయ్య అనుకున్నట్టు జరగదు. అదే 1956 చట్టం 30వ సెక్షన్ ప్రకారం ఉమ్మడి ఆస్తిలో తన వాటా మేరకు మీ నాన్నగారు వీలునామా రాయొచ్చు. 2005 సవరణ తర్వాత కూతురికీ కొడుకుతో సమానంగా పుట్టుకతో హక్కు ఉంది. 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి ఉండాలన్న షరతు కూడా లేదని 2020లో వినీతా శర్మ తీర్పు తేల్చేసింది. అంటే పిత్రార్జితం అని మీ అన్నయ్య గెలిచినా మీ వాటా మీకు ఉంటుంది.

ఉమ్మడి ఆస్తి అని చెప్పేవాళ్లే దాన్ని రుజువు చేయాలి. తాతగారికి ఆ పొలం ఎలా వచ్చిందో చూపే దస్తావేజు, పాత అడంగల్ (పొలం రెవెన్యూ రికార్డు), పంపకాల కాగితం ఏదైనా ఉంటే తీసి పెట్టుకోండి.

కొట్టివేత గురించి. వీలునామా మీద సంతకాలయ్యాక చేసిన దిద్దుబాటుకి కూడా రాసినవారూ, సాక్షులూ సంతకం చేయాలి. లేకపోతే ఆ దిద్దుబాటుకి విలువ లేదు, అసలు మాట చదవడానికి వీలుగా ఉంటే అదే నిలుస్తుంది. 1925 చట్టం 71వ సెక్షన్ ఇదే చెబుతుంది. సిరా వేరు, సంతకం లేదు, కింద ‘మొత్తం’ కనిపిస్తోంది. కాబట్టి డిపాజిట్ మొత్తం మీకే అని వాదించడానికి మంచి ఆధారం ఉంది. మీరు మాత్రం ఆ కాగితాన్ని చెరపడం, ప్లాస్టిక్ వేయించడం, పంచ్ చేయడం లాంటివేవీ చేయకండి. ఉన్నది ఉన్నట్టు కవర్లో పెట్టండి.

సుధ_ఎన్

నామినీ సంగతి ఎవరూ చెప్పలేదు. మా అత్తగారి డిపాజిట్ విషయంలో మాకు ఇదే పేచీ వచ్చింది. నామినీ అంటే సొంతదారు కాదని లాయరుగారు చెప్పారు. అది నిజమేనా? నిజమైతే బ్యాంకు నామినీకే ఎందుకిచ్చేస్తోంది?

రుణవిభాగం

నిజమే సుధగారూ. బ్యాంకు నామినీకి ఇచ్చేస్తే బ్యాంకు బాధ్యత తీరిపోతుంది. చట్టం ఆ వెసులుబాటు బ్యాంకుకి ఇచ్చింది. డబ్బు తీసుకున్న నామినీ అసలు హక్కుదారుల తరఫున పట్టుకున్నట్టు లెక్క. వీలునామా ఉంటే అందులో రాసినవాళ్లకి, లేకపోతే వారసులందరికీ అందజేయాలి. షేర్ల విషయంలో కూడా ఇంతే అని 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. జీవితబీమాలో మాత్రం 2015 సవరణ తర్వాత భార్య, భర్త, పిల్లలు, తల్లిదండ్రులు నామినీగా ఉంటే ఆ సొమ్ము చాలా సందర్భాల్లో వాళ్లదే అవుతుంది.

మధ్యమ్మాయి గారూ, ‘అన్నయ్యకి ఇవ్వొద్దు’ అని మీరు అర్జీ పెడితే బ్యాంకు ఆపదు, ఆపాలంటే కోర్టు ఉత్తర్వు ఉండాలి. ఆయన ఇంకా తీసుకోకపోతే లాయరుతో వెంటనే మాట్లాడండి. ఈలోపు అన్నయ్యకి వీలునామా నకలు జతచేసి, ఆ డబ్బు విడిగా ఉంచమని మర్యాదగా ఒక ఉత్తరం రాయండి. స్పీడ్ పోస్టులో పంపండి.

ఇన్సూరెన్స్ పద్దు కనిపించింది కదా, చాలా సంతోషం. క్లెయిమ్ వస్తే అది ముందు లోనుకే జమవుతుంది. ఇలాంటి పాలసీల్లో చాలావాటికి బీమా మొత్తం లోనుతో పాటే తగ్గుతూ వస్తుంది. అందుకని పాత వాయిదాలు బాకీ ఉంటే క్లెయిమ్ వచ్చాక కూడా లోనులో కొంత బాకీ మిగలొచ్చు. క్లెయిమ్ తేలేదాకా వాయిదాలు ఆపకండి. ఎవరు కట్టినా తన ఖాతా నుంచే కట్టాలి, చేతికి డబ్బిచ్చి వేరేవాళ్లతో కట్టించకూడదు.

కోర్టుమెట్లు

అన్నయ్యగారి ‘ముగ్గురూ లోను కట్టాలి’ అన్న మాటకి కూడా జవాబుంది. తాకట్టులో ఉన్న ఆస్తిని వీలునామాలో ఒకరికి రాస్తే, వేరే విధంగా రాయనంతవరకు, ఆ ఆస్తిని తీసుకునేవాడు తాకట్టుతో సహా తీసుకోవాలి. ఇది 1925 వారసత్వ చట్టం 167వ సెక్షన్. బ్యాంకు ఎదుట అమ్మగారి బాధ్యత అమ్మగారిదే. మీలో మీకు లెక్క తేల్చుకునేటప్పుడు మాత్రం ఆ భారం తమ్ముడిది. మిగతా ఆస్తి నుంచి అప్పు తీర్చమని అడిగే హక్కు అతనికి లేదు.

వీలునామా చెల్లకపోతే, అమ్మగారూ మీరు ముగ్గురూ కలిపి నలుగురు. ఇంట్లో, డిపాజిట్‌లో తలా నాలుగో వంతు, అప్పు భారం కూడా అంతే. మీ నాన్నమ్మగారు బతికి ఉంటే ఆవిడా ఒక వాటాదారే, ఐదో వంతు అవుతుంది. చాలామంది ఆవిడని మరచిపోతారు.

ఈ లెక్క అన్నయ్యకి కాగితం మీద వేసి చూపించండి. వీలునామా పోతే ఆయనకి వచ్చేది పావు వాటా, దానికి తగిన అప్పు. దానికోసం ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరగాలి. నలుగురూ కూర్చుని రాజీకి వస్తే, ఆ ఒప్పందం కొత్తగా హక్కులు పంచేలా ఉంటే రిజిస్టర్ చేయించండి. అందులో అమ్మగారు ఆ ఇంట్లో ఉండే హక్కుని విడిగా, స్పష్టంగా రాయించండి. నా అనుభవంలో పిల్లల వాటాలు గజాల లెక్కన రాసి, తల్లి విషయం ఒక్క వాక్యంతో సరిపెట్టిన పత్రాలే ఎక్కువ. తర్వాత బాధపడేది ఆవిడే.

కొత్తిల్లు

కొంచెం పక్కకి వెళ్తున్నా, క్షమించండి. నేను కొనేవైపు ఉన్నాను. సరిగ్గా ఇలాంటి ఇల్లే చూశాం. ఇంటాయన పోయారు, లోను ఉంది, పిల్లలు అమ్ముతున్నారు. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) క్లీన్‌గా ఉంది, బ్యాంకు లోను తప్ప ఇంకేమీ లేదు. అడ్వాన్సు ఇచ్చేయొచ్చా?

పాత_దస్తావేజు

ఇవ్వొద్దు, ఆగండి. ఈసీలో వచ్చేవి స్థిరాస్తి మీద రిజిస్టరైన లావాదేవీలే. వీలునామాలు వేరే పుస్తకంలో, మూడో పుస్తకంలో ఉంటాయి, అవి ఈసీలో కనపడవు. రాసినాయన బతికుండగా ఆయనకో ఆయన ఏజెంటుకో తప్ప నకలు ఇవ్వరు. ఆయన పోయాక ఎవరు దరఖాస్తు చేసినా ఇస్తారు. కాబట్టి రిజిస్టరైన వీలునామా ఏదైనా ఉందేమో వెతికించండి. రిజిస్టర్ కానిది ఉందా అన్నది వారసులందరినీ అడిగి, వాళ్ల చేత రాయించుకోవాల్సిందే. కోర్టులో దావా నడుస్తున్నా ఈసీలో చాలాసార్లు కనపడదు. దావా నడుస్తుండగా కొన్నవారు ఆ తీర్పుకి కట్టుబడాలి.

వారసులందరూ, తల్లితో సహా, క్రయ దస్తావేజు మీద సంతకం పెట్టాలి. మైనరు ఉంటే కోర్టు అనుమతి లేకుండా ఆ వాటా కొనకండి. విదేశంలో ఉన్నవాళ్లు పవరాఫ్ అటార్నీ పంపితే అది అసలుదా, ఇంకా అమల్లో ఉందా చూడండి. జీపీఏ (జనరల్ పవరాఫ్ అటార్నీ)తోనే ‘అమ్మకం’ ముగించేద్దామంటే ఒప్పుకోవద్దు, దానివల్ల హక్కు బదిలీ కాదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది.

రుణవిభాగం

డబ్బు వైపు కూడా చెప్తా. బ్యాంకు నుంచి ఆ రోజుకి ఎంత బాకీ అన్న లెటరు రాతలో తీసుకోండి. ఆ మొత్తం అమ్మేవాళ్ల చేతికి కాకుండా నేరుగా లోను ఖాతాకే డీడీ ఇవ్వండి. వ్యక్తుల పేరున ఉన్న ఫ్లోటింగ్ వడ్డీ గృహరుణానికి ముందుగా తీర్చినందుకు జరిమానా ఉండదు. మొత్తం తీరాక 30 రోజుల్లో అసలు దస్తావేజులు తిరిగివ్వాలని, తాకట్టు నమోదు తీయించాలని రిజర్వు బ్యాంకు 2023లో ఆదేశించింది. బ్యాంకు తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయల చొప్పున పరిహారం. రుణగ్రహీత పోతే కాగితాలు వారసులకి ఎలా ఇస్తారో బ్యాంకు తన వెబ్‌సైటులో పెట్టాలి. తాకట్టు రద్దు పత్రం ఈసీలో ఎక్కేదాకా మీ మిగతా డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి.

ధర 50 లక్షలు, ఆపైన అయితే 1 శాతం టీడీఎస్ (ధరలోంచి ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కొనేవాళ్లే కట్టాలి. అమ్మేవాళ్లు నలుగురున్నా మొత్తం ధరే లెక్క. వాళ్లలో ఎన్నారై ఉంటే నిబంధన వేరు, ముందే ఆడిటర్‌ని అడగండి.

మధ్యమ్మాయి

మాస్టారి దగ్గరికి వెళ్లాం. ఆయనకి అన్నీ గుర్తున్నాయి. మా వరండాలోనే రాశారట. నాన్న పైకి చదివి వినిపించి సంతకం చేశారట, ఆ తర్వాత పక్కింటాయనా ఈయనా చేశారట. ‘సగం’ అన్న దిద్దుబాటు అప్పుడు లేదని ఆయనే అన్నారు. కానీ ఆయన చాలా నీరసంగా ఉన్నారు. దావా ఎప్పుడో వేస్తే అప్పటికి ఆయన ఉంటారో లేదో. ఇప్పుడే ఏమైనా చేయగలమా?

పాత_దస్తావేజు

చేయొచ్చు. నాన్నగారు పోయినా వీలునామా ఇప్పుడు రిజిస్టర్ చేయించవచ్చు. దానికి కాలపరిమితి లేదు. వీలునామా కింద హక్కున్నవాళ్లు, అంటే తమ్ముడైనా మీరైనా, రిజిస్ట్రేషన్ చట్టం 40వ సెక్షన్ కింద ఏ సబ్‌రిజిస్ట్రార్ దగ్గరైనా దాఖలు చేయొచ్చు. అసలు వీలునామా, డెత్ సర్టిఫికెట్, దాఖలు చేసేవారి ఆధార్, మాస్టారిని తీసుకెళ్లండి. రాసినది నాన్నగారే అనీ, ఆయన పోయారనీ, దాఖలు చేసేవారికి ఆ అర్హత ఉందనీ సబ్‌రిజిస్ట్రార్ విచారించి తృప్తిపడితే రిజిస్టర్ చేస్తారు. ఆ విచారణలో మాస్టారి మాట రాతలోకి ఎక్కుతుంది. మీ అన్నయ్య అభ్యంతరం చెప్పొచ్చు, ఆఫీసరు నిరాకరిస్తే 30 రోజుల్లో జిల్లా రిజిస్ట్రార్‌కి వెళ్లొచ్చు. మాస్టారు నడవలేకపోతే ఇంటికి వచ్చి విచారించమని ముందే అర్జీ పెట్టండి.

కోర్టుమెట్లు

దీనితో పాటు తమ్ముడి చేత దావా సంగతి కూడా ఆలోచింపజేయండి. దావా వేశాక, మాస్టారి ఆరోగ్యం చూపించి ఆయన సాక్ష్యం ముందే కోర్టు నియమించే కమిషనర్ ద్వారా నమోదు చేయమని కోర్టుని అడగొచ్చు. అన్నయ్య లాయరు కూడా ఆయన్ని ప్రశ్నించాక ఆ సాక్ష్యానికి పూర్తి విలువ వస్తుంది. రిజిస్ట్రేషన్‌కి ఈ వారమే వెళ్లండి. వెళ్లేముందు వీలునామా రెండు పేజీలూ, ఆ కొట్టివేత దగ్గరగా కనపడేలా, మంచి వెలుతురులో ఫొటోలు తీసి పెట్టుకోండి.